ఖరగ్‌పూర్‌లో రెండు రోజులు

గత వేసవిలో బంధువుల ఇంట వివాహానికై మేము సకుటుంబంగా ఖరగ్‌పూర్ వెళ్ళాము. రైలు దిగిన ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైనదన్న కీర్తి చిరకాలం దీనిదే; 2013లో అది గోరఖ్‌పూర్‌కు, 2023లో హుబ్బళ్ళికి దక్కింది. ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళలో బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ నెలకొల్పిన కర్మాగారంలో పనికై ఉత్తరాంధ్ర నుండి ఎందరో తరలివచ్చి స్థిరపడ్డారు. మథురాకాటి వీధుల్లో నేటికీ మన తెలుగు వినవస్తుంది.

పెళ్ళివిందు ఘనంగా జరిగింది. కాని రాత్రి రెండు గంగాళాల అన్నం మిగిలిపోయింది. తెల్లవారేసరికి అది పాడై, చెత్తకుండీ పాలయింది. అన్నం పరబ్రహ్మస్వరూపమని పిల్లలకు బోధించే మేము వారి ముందు తలదించుకోవలసి వచ్చింది.

మరునాడు ఆతిథేయి కుమారుడు మమ్ములను గోల్‌బజారుకు తీసుకువెళ్ళాడు. అతని తాత, తండ్రి ఇద్దరూ రైల్వే పనివారే. అతనికి మాత్రం ఆ ఉద్యోగం దక్కకుండానే వయోపరిమితి దాటిపోయింది. కూరగాయల అంగళ్ళలో మిగిలిన ఆకులు, తొక్కలు, మెత్తబడిన టమోటాలు సేకరించి ఎరువు చేసి అమ్మాలన్నది అతని సంకల్పం.

“మొదటి కుప్ప పాడైపోయింది బాబాయ్! ప్లాస్టిక్ సంచులు కలిసిపోయాయి. నర్సరీ వాళ్ళు చూసి వద్దన్నారు. ఇప్పుడు అంగడివాళ్ళకి నేనే వేరే గోనెసంచులు ఇస్తున్నాను” అన్నాడు.

వ్యాపార రహస్యమంతా ఆ గోనెసంచిలోనే ఉన్నదని మాకు తోచింది. వేరుచేసిన వ్యర్థం ముడిసరుకు. కలిసిపోయినది కేవలం చెత్త. ఇచ్చటి ఎర్ర మొరం నేలలో సేంద్రియ పదార్థం తక్కువ కనుక మంచి ఎరువుకు గిరాకీ ఉండక తప్పదు.

హైదరాబాదులోని బోయినపల్లి మార్కెట్టు ఇందుకు పెద్ద నిదర్శనం. అక్కడ 2021 నాటికే రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థాన్ని గాలి చొరని తొట్లలో కుళ్ళబెట్టి, వెలువడిన వాయువుతో దాదాపు 500 యూనిట్ల విద్యుత్తు తీసేవారు. క్యాంటీను పొయ్యికీ ఆ వాయువే ఇంధనం. పెద్ద హోటళ్ళు, వసతిగృహాలు ఉన్న ఏ ఊరిలోనైనా సేకరణ రుసుము, వాయువు, ఎరువు అనే మూడు ఆదాయమార్గాలు ఉంటాయి.

అయితే వృథా కాకుండా చూడటమే అన్నిటికన్నా మిన్న. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్ళలోనిదే. మన తల్లులు బీరపొట్టుతో పచ్చడి చేస్తారు; బెంగాలీ గృహిణులు కాయగూరల తొక్కలతో వేపుడు చేస్తారు. మన చద్దన్నం వారి పాంతాభాత్. ఈ పొదుపు ఇరువురికీ పూర్వార్జితమైన ఆస్తి.

తిరుగు ప్రయాణంలో ఆ యువకుడు చిన్న ఎరువు మూట ఇచ్చాడు. మా క్వార్టరు ముంగిట గులాబీ మొక్కకు వేశాము. వంటింట్లో ఇప్పుడు రెండు బుట్టలు ఉన్నాయి. మన కాలనీలో ప్రతి ఇంటా అలాగే రెండు బుట్టలు ఉంటే, అటువంటి యువకుడొకరికి ఇక్కడే జీవనోపాధి లభించదా?