అశ్వహృదయం

మా యింట్లో గుర్రం లేదు. ఉండే వీలూ లేదు. నిజామాబాదులో మాది మూడు గదుల అద్దెయిల్లు. అయినా రెండేళ్ళుగా గుర్రం ప్రసక్తి రాకుండా మేము ఒక్క పూట భోజనం ముగించలేదంటే నమ్మండి.

కారకురాలు మా అమ్మాయి. పద్నాలుగేళ్ళది. మా వీధి చివర పెళ్ళి బరాతులకు గుర్రాన్ని అద్దెకిచ్చే ఆసామి ఒకడున్నాడు. ముహూర్తాలు లేని రోజుల్లో ఆ తెల్ల గుర్రం రేకుల షెడ్డులో నిలబడి నిద్రపోతూ వుంటుంది. మా పిల్ల బడి నుంచి తిన్నగా అక్కడికి పోయి, దాని మెడ నిమిరి, ఒంటినిండా ఆ వాసనతో యింటికి వచ్చేది. సినిమా తారల బొమ్మలు అంటించుకోవలసిన గోడమీద అనుష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా వెలిశారు. ఎవరీ నలుగురూ అంటే నాకు పాఠం చెప్పింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో డ్రెస్సాజ్ జట్టు స్వర్ణం తెచ్చినవారట. గుర్రపు స్వారీలో మనకు 1982 తరువాత, అంటే 41 ఏళ్ళకు, వచ్చిన బంగారం అదేనట. "ఆడపిల్లకు గుర్రాలేమిటే!" అని మా ఆవిడ అంటే దానికీ జవాబుంది: ఒలింపిక్సులో కూడా యీ ఆటలో ఆడా మగా ఒకరితో ఒకరు పోటీపడతారట.

చివరకు పోయిన వేసవిలో, మా చెల్లెలి యింట్లో మకాం పెట్టించి, హైదరాబాదు పొలిమేరలోని ఒక స్వారీ బడిలో చేర్పించాను. పదిహేనోనాడు ఫోను వచ్చింది. గుర్రం దేనికో బెదిరి పక్కకు గెంతిందట. పిల్ల పడ్డది. గట్టి టోపీ వుండబట్టి తల దక్కింది. ఎడమవైపు కాలర్‌బోన్ విరిగింది.

బస్సులో పోతున్నంతసేపూ వణికాను. కానీ పిల్లను కళ్ళారా చూసుకున్నాక, లోపల ఎక్కడో కొంత హాయి అనిపించిందని ఒప్పుకుంటే మీరు నన్నేమనుకుంటారో! ఇక యీ గోల వదిలిందనుకున్నాను.

ఆ హాయికి యింకొక కారణం వుంది. మా తాత టాంగా తోలేవాడు.

1931లో నిజాంసాగర్ పూర్తయి కాలువ నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళకు చెరకు వచ్చింది, చెరకు కోసం 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. రైలు దిగిన గుమాస్తాలను, అత్తవారింటికి వచ్చే అల్లుళ్ళను శక్కర్‌నగర్ చేర్చటానికి టాంగాలు కావలసి వచ్చాయి. తాత ఆ సవారీల మీదనే మా బాపును చదివించాడు. బాపు అదే ఫ్యాక్టరీలో చెరకు బండ్లు తూచే కాటా దగ్గర గుమాస్తా అయ్యాడు. 2015లో ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు, రిటైరై ఎన్నాళ్ళో అయినా, తన వుద్యోగమే పోయినట్లు కూర్చున్నాడు. కాని టాంగా మాట మాత్రం ఆయన నోట ఎన్నడూ వినలేదు. ఎవరైనా అడిగితే "తాత వ్యవసాయం చేసేవాడు" అని చెప్పమని నాకు చిన్నప్పుడే నేర్పాడు. బడిలో అలాగే చెప్పాను. ఎం.ఏ. అయ్యాకా అలాగే చెప్పాను. పెళ్ళిచూపుల్లోనూ!

చెయ్యి మెడకు కట్టుకుని కూర్చున్న మనవరాలు ఒక రాత్రి తాతకు ఫోనులో అమెరికావాళ్ళ రోడియో చూపిస్తున్నది. పొగరుబోతు గుర్రం ఎగిరెగిరి తంతూ వుంటే, ఒంటిచేత్తో పట్టుకుని ఎనిమిది సెకండ్లు దానిమీద నిలవాలి. నిలిస్తేనే లెక్క.

"ఎనిమిది సెకండ్లకేనా బిడ్డా యింత గడబిడ!" అన్నాడు బాపు. "మా నాయిన ముప్పై ఏండ్లు గుర్రంతోని బతికిండు. ఒక్కనాడన్న చప్పట్లు కొట్టినోడు లేడు."

అని, నాలుక కరుచుకున్నాడు. పిల్ల ఆయనవైపు కాక నావైపు చూసింది.

"ముత్తాత వ్యవసాయం అన్నావు కదా నాన్నా?"

నేను ఏదో నసిగాను.

"నలుడు బాహుకుడై ఋతుపర్ణుడి రథం తోలితే గొప్ప అని నువ్వే కదా కథ చెప్పావు! ముత్తాత టాంగా తోలితే చెప్పుకోకూడదా?"

మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, నా మొహం చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళుగా క్లాసులో అశ్వహృదయమనే విద్యకు అర్థం చెబుతున్నవాణ్ణి. దానిమీద పరీక్షలో ప్రశ్న యిచ్చినవాణ్ణి. గుర్రాల లక్షణాలమీద మనుమంచి భట్టు తెలుగులో ఒక గ్రంథమే వ్రాశాడని పిల్లలకు గర్వంగా చెప్పేవాణ్ణి. ఒక్క గుర్రాన్ని ముట్టుకున్న పాపాన మాత్రం పోలేదు.

ఆ రాత్రి బాపు ఆగలేదు. గుర్రం పేరు మోతీ అట. రాత్రి శనగలు నానబెట్టటం, తెల్లవారుజామున ఖరారాతో ఒళ్ళు తోమటం బాపు పని. "ఎనుకకెల్లి పోవద్దు బిడ్డా, సక్కగ ఎనుకున్నది దానికి కనపడది. ముందుగాల మాట యినిపియ్యాలె, అటెంక చెయ్యి వెయ్యాలె. గుర్రానికి కక్కు రాదు. కడుపునొప్పి లేసిందంటే లోపలిది లోపల్నే. మోతీ గట్లనే పోయింది. నాయిన మూడు దినాలు బువ్వ తినలే. నేను పదో తరగతి."

ఇన్నాళ్ళూ దాన్ని సిగ్గు అనే అనుకున్నాను.

ఆరు వారాలకు కట్టు విప్పారు. మరో రెండు నెలలకు డాక్టరు సరేనన్నాడు. మా ఆవిడ మాత్రం మూడు షరతులు పెట్టింది: టోపీ వుండాలి, హైదరాబాదు ఇప్పట్లో వద్దు, పక్కన మామయ్య వుండాలి. బరాతు గుర్రం ఆసామికి బాపును పరిచయం చేశాము. ఇద్దరూ ఉర్దూలో ఏవో పాత సంగతులు మాట్లాడుకుని పావుగంటలో చుట్టాలైపోయారు.

మొన్న ఆదివారం ఖాళీ మైదానంలో పిల్ల రికాబులో ఎడమకాలు పెట్టి ఎక్కింది. డెబ్భై అయిదేళ్ళ బాపు కళ్ళెం పట్టుకుని పక్కన నడిచాడు. మా ఆవిడ పక్కకు తిరిగి కూర్చుని, చుట్టు తిరిగినప్పుడల్లా వ్రేళ్ళు మడిచింది. ఏడో చుట్టుకు బాపు కళ్ళెం వదిలేశాడు. ఆవిడ చూడలేదు, నేను చూశాను. ఏమీ అనలేదు.

దిగాక, బాపు జేబులోంచి కాగితం పొట్లం తీసి, అందులోని బెల్లంముక్క నా చేతిలో పెట్టాడు.

"పెట్టు."

నేను మూడు వ్రేళ్ళతో పట్టుకుని జంకుతూ చాచాను.

"గట్ల గాదురా. అరచెయ్యి సాపు. లేకుంటె యేలు కొర్కుతది."

చాపాను.