మా వాకిటి బాట చివర

మా యూరు జహీరాబాదు. ఎఱ్ఱనేలలు, చెఱకుతోటలు, జొన్నచేలు, అల్లపు మళ్లు మా కన్నుల కలవాటు. సముద్రమన్నచో మాకు పుస్తకములలోనిదే. ప్రబంధములందలి అష్టాదశ వర్ణనములలో సముద్రవర్ణన మొకటి గదా! దానిని చిన్ననాట మా తండ్రిగారి యొద్ద చదివి, పిమ్మట మా పిల్లలకును చెప్పితిమి. చూడని వస్తువును చూచినట్లు చెప్పుట సులభమే. “అమ్మా, నీవు చూచితివా?” యని పిల్లలడిగినప్పుడు బదులు చెప్పుటయే కష్టము.

మా యింటి ముందునుండి యొక బాట పోవును. మొన్న మొన్నటిదాక దానిని 9వ సంఖ్య జాతీయ రహదారి యనుచుండిరి. 2010వ సంవత్సరమున సంఖ్యలు మార్చినప్పుడు అది 65వది యయ్యెను. పుణె నగరమున మొదలై, సోలాపురము, మా జహీరాబాదు, హైదరాబాదు, సూర్యాపేట, విజయవాడల మీదుగా సుమారు 840 కిలోమీటర్లు సాగి, మచిలీపట్టణమున, అనగా బందరున, అది ముగియును. ఇది మాకు పటములో తెలిసిన సంగతి. అనుభవమున తెలిసినది మాత్రము లారీల రొదయు, గడపమీద పేరుకొను దుమ్మును.

మా ప్రక్కయింట నొక పెద్దమ్మ గలదు. ఆమెకు అరువదియేండ్లు దాటినవి. ఆమె పెనిమిటి లారీ నడుపుచుండెడివాడు. సోలాపురపు ఉల్లిగడ్డలను బందరు దాక చేర్చి, మరలివచ్చునప్పుడు పొట్లములో లడ్డు తెచ్చెడివాడట. “ఈ తడవ కాదు, వచ్చే తడవ నిన్ను తీసుకపోయి సముద్రం చూపిస్త” నని యిరువదియేండ్లు చెప్పెను. ఆ వచ్చే తడవ రాకమునుపే, ఎనిమిదేండ్ల క్రిందట, జబ్బుచేసి కన్నుమూసెను. నాటినుండి రాత్రివేళ లారీ కూత వినబడినప్పుడెల్ల పెద్దమ్మ లేచి కూర్చుండును. ఒకనాడు చేటలో పప్పు చెఱుగుచు ఆమె, “గా బాట యాడికి పొయ్యి ఆగుతదో ఒక్కసారి చూడాలె బిడ్డా” అనెను. ఆ మాట మమ్ము నిద్రపోనీయలేదు.

మా యింటివారితోడి పంతులుగారి భార్య యొకరు మాకు నెచ్చెలి. ఆమెను మేము “ఆపా” యని పిలుతుము. బ్యాంకులో పనిచేయు నొక చిన్నది మాకు చెల్లెలివంటిది. ఆమెకు కారు కలదు, నడుపుటయు వచ్చును. ఇట్లు నలుగురమైతిమి. “మగదిక్కు లేక రెండుదినములా?” యని యొకరిద్దరు బంధువులు ముక్కున వ్రేలిడుకొనిరి. మా యత్తగారు మాత్రము గడియసేపు మాటాడక, పిదప, “పోయి రండి. నేను చూడనిది చూచివచ్చి నాకు చెప్పండి” యనిరి. మా యింటివారు “అన్నము వండుట నాకు రాదా?” యనిరి. వచ్చినదో రానిదో తుదిని మనవి చేసెదము.

మాఘమాసపు శనివారమున తెల్లవాఱుజామున నాలుగింటికి బయలుదేఱితిమి. జొన్నరొట్టెలు, నువ్వులపొడి, మామిడితొక్కు, పెరుగన్నము మూటగట్టుకొంటిమి. చీకటిలోనే హైదరాబాదు వెలుపలి వలయపు బాటను చుట్టి, చౌటుప్పలు దాటునప్పటికి సూర్యోదయమయ్యెను. సూర్యాపేట దగ్గఱ మూసీని, కోదాడ యవతల రాష్ట్రపు టెల్లను దాటితిమి. ఇది కొత్తగా పుట్టిన దారి కాదు. గోలకొండ సుల్తానుల కాలమున ఆ రాజ్యమునకు పెద్ద రేవు బందరే. వస్త్రములును, వజ్రముల బేరము చేయు వర్తకులును ఈ ప్రాంతముల మీదుగనే రాకపోకలు సాగించిరి. నెలల తరబడి యెద్దుబండ్లతో వారు పడిన పాట్లు తలచుకొన్నచో, మా నడుముల నొప్పి చెప్పుకొనుటకు సిగ్గయ్యెను.

విజయవాడ దాటగానే నేల రంగే మాఱెను. కాలువలు, వరిమళ్లు, కొబ్బరిచెట్లు. ఉయ్యూరు దగ్గఱ చెఱకుతోటలు చూచి పెద్దమ్మ “మనూరే వచ్చినట్టున్నది” యని మురిసెను. “బందర్ అనగా మా మాటలో కోతి” యని ఆపా నవ్వుచు, పారసీకమున ఆ మాటకు ఓడరేవని యర్థమనియు, మఛ్లీ యనగా చేపయనియు చెప్పెను. ఊరి పేరున కర్థము మా పొరుగింటి భాషలోనే యుండగా మేమెన్నడును అడుగనైతిమి!

మధ్యాహ్నమునకు బందరు చేరితిమి. మేమూహించిన వైభవము కనబడలేదు. నెమ్మదియైన ఊరు. అయినను అచ్చటి పేటల పేర్లే చరిత్ర చెప్పును. వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట. డచ్చివారు, ఆంగ్లేయులు, ఫ్రెంచివారు కాపురముండిన తావులవి. ఆంగ్లేయులు 1611లో ఇచ్చట దిగి వర్తకము మొదలిడిరి. డచ్చివారి శ్మశానమున చెక్కడపు పనితనముగల సమాధిరాళ్లు నేటికిని గలవు. స్వదేశీయోద్యమ కాలమున 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలయు, 1923లో పట్టాభి సీతారామయ్యగారి యాంధ్రా బ్యాంకును ఈ యూరనే పుట్టినవి. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకున కలిసిపోయినదని చెల్లెలు చెప్పెను.

చిలకలపూడిలో పాండురంగని దర్శించితిమి. మా ప్రాంతపు భక్తులు ఈ బాటనే పడమటికి పట్టి, సోలాపురము మీదుగా పండరికి పోవుదురు. తూర్పుకొసను గూడ విఠలుడే నిలిచియుండుట చూచి పెద్దమ్మ చేతులు జోడించి చాలసేపు కదలలేదు.

సాయంకాలమున మంగినపూడి తీరమునకు పోయితిమి. ఊరికి పది పన్నెండు కిలోమీటర్లుండును. రత్నాకరుడని చదివిన మాకు మొదట కాలికి తగిలినది నల్లని యొండ్రుమట్టి! కృష్ణమ్మ తెచ్చి పోసిన మట్టి యది. నీరును నీలముగా లేదు, మడ్డిగానున్నది. లోతు తక్కువ. ఈ మేటవలననే పూర్వము పెద్ద యోడలు దూరముగా లంగరు వేసి, చిన్న పడవలమీద సరకు దింపుకొనెడివట. 2023లో ఇచ్చట కొత్త రేవునకు పనులు మొదలిడిరి.

రంగు సంగతి అటుండనిండు. ఆ యవధి లేని నీటిని, ఆగని ఘోషను మేము చదివిన యే వర్ణనయు మాకు ముందుగా చూపజాలలేదు. చెల్లెలు చిన్నపిల్లవలె పరుగిడెను. ఆపా మోకాలిదాక దిగెను. పెద్దమ్మ తడిమట్టి మీదనే చతికిలబడి, చాలసేపటికి, “గింత దూరం ఒక్కడే వచ్చి పోతుండెనా?” యని మెల్లగా ననెను. మాలో నెవరికిని నోట మాట రాలేదు. ఇరువదియేండ్లు ఆయన రాకకై యెదురుచూచిన యామె, ఆయన పోకను ఆనాడే చూచెను.

అచ్చట మొక్కజొన్న పొత్తులు కాల్చి యమ్ము నొకామె దగ్గఱకు వచ్చి కూర్చుండెను. ఆమె పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19వ తేదీ తుపానున ఆ సీమలో వేలమంది కొట్టుకొనిపోయిరి. “అప్పుడు నాకు పదేళ్లమ్మా. మా నాన్న మళ్లీ రాలేదు. మూడేళ్లు ఈ వైపు మొహం తిప్పలేదు. తర్వాత ఆకలే తిప్పింది” అని యామె చెప్పెను. 1864లో వచ్చిన ఉప్పెనలో బందరునను చుట్టుప్రక్కలను సుమారు 30,000 మంది చనిపోయిరని చదివియుంటిమి. అంకెలు చదువుట వేఱు, ఆ చేతి పొత్తు తినుట వేఱు. పెద్దమ్మ ఆమె చేయి పట్టుకొని కూర్చుండెను. యాస వేఱైనను వారిద్దఱి మాటలకు మా దుబాసీతన మవసరము లేకపోయెను.

మఱునాడు దాపుననే యున్న పెడనకు పోయి కలంకారీ పని చూచితిమి. శ్రీకాళహస్తిలో కలముతో వ్రాయుదురు. ఇచ్చట చెక్కిన టేకు అచ్చులతో అద్దుదురు. గుడ్డను ముందుగా కరక్కాయ కషాయమునందును గేదెపాలయందును ముంచి ఆరవేయుదురు. తుప్పుపట్టిన యినుమును బెల్లపు నీటిలో నానవేయగా నల్లరంగు వచ్చును. పటికతో అద్ది, ఏటినీట జాడించి, మంజిష్ఠవంటి వేరుతో కాగులో ఉడికించినచో పటిక తగిలినచోట నెల్ల ఎఱుపు తేలును. దగ్గుకు మేము వాడు కరక్కాయయు, మా చెఱకునుండి వచ్చు బెల్లమును చీరకు రంగగునని మే మెఱుగము! కొనువారు గమనింపుడు: చేతి యచ్చులో అతుకు కలియుచోట వెండ్రుకవాసి తేడా యుండును. అది లోపము కాదు, అదియే చేతిపనికి గుర్తు.

బందరు లడ్డులను పెద్దమ్మ తన డబ్బుతోనే కొనెను. శనగపిండితో కారప్పూసవలె వేయించి, రోట దంచి, జల్లించి, బెల్లపు పాకముతోను నేతితోను కట్టునది యిది. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆమె ఒక పొట్లము ప్రత్యేకముగా తీసి కొంగున ముడివైచుకొనెను. ఎవరి కని మేమడుగలేదు.

రాత్రి పదకొండింటి కిల్లు చేరితిమి. పాలగిన్నె మాడియుండెను, అన్నము మాత్రము వార్చియుండెను. మా యింటివారి వంటకు అరమార్కులు! అత్తగారు మేల్కొనియే యుండి, “ఎట్లుండెను?” అనిరి. మేము నోరు తెఱచితిమి గాని, ప్రబంధభాష రాలేదు. “వచ్చే మాఘమున మీరే చూతురుగాక” యంటిమి. ఆ మాట నిలుపుకొనుటకు ఆ రాత్రియే కాలెండరుపై గుర్తు పెట్టితిమి.

ఇప్పుడును లారీలు కూయుచునే యున్నవి. పెద్దమ్మ ఇప్పుడును లేచి కూర్చుండును. కాని తెల్లవాఱిన తరువాత మాతో, “రాత్రి ఒకటి బందరు దిక్కు పాయె” నని దిక్కు చూపి చెప్పును. సోదరీమణులారా! మీ వాకిటి ముందును ఏదో యొక బాట యుండును. “వచ్చే తడవ” యని మీలో నెవరికేని మాట యిచ్చియున్నచో, ఆ తడవను ఈ యేడే రానిండు.