ప్రదర్శనలో మా డేగ

మండలకేంద్రమున జరిగిన పశుప్రదర్శనకు మా డేగను తొలిసారి కొనిపోయితిని. ఎఱ్ఱని యీకల అసీలుపుంజును మా గోదావరి సీమలో డేగ యందురు. నల్లనిది కాకి, తెల్లనిది సేతువ. ముందునాడే గోరువెచ్చని నీట దాని కాళ్లు కడిగి, పొలుసుల సందున మట్టి తీసితిని.

సంక్రాంతి దగ్గరపడుచుండుటచే, 'పందెమునకిమ్ము, అడిగినంత యిత్తు'నని పందెగాడొకడు నన్ను వెంబడించెను. కోళ్లను పోరికి పురికొల్పుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టముచే నేరము. పండుగనాడు ఆ మాట వినువారెవరు?

పరీక్షకుడైన పశువైద్యుడు డేగ ఎన్ని పోరులు గెలిచినదని యడుగలేదు. రొమ్ముటెముక తడవి, రెక్క విప్పి, కుఱుచ తురాయిని, నిడుద మెడను పరికించి మెల్లగా దింపెను. రెండవ బహుమతి వచ్చినది. మొదటిది పొరుగూరి అవ్వ తెచ్చిన సేతువకు దక్కెను. దాని ఠీవిని ఎవరు కాదందురు?

పందెగాడు మరల వచ్చి ధర పెంచెను. గంప నెత్తికెత్తుకొని బస్సు దగ్గరకు నడచితిని.