నీళ్ళ పద్దు

వానాకాలం వచ్చిందంటే పేపర్లో ఓ మూల చిన్న పట్టిక వేస్తారు. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్ 590 అడుగులు, ఇవాళ ఇంత ఉంది, వచ్చేది ఇంత, పోయేది ఇంత అంటూ. మనలో చాలామందిమి బంగారం ధర చూసుకుని, ఆ పట్టిక మీద ఉప్మా ప్లేటు పెట్టేసేవాళ్ళమే. కృష్ణ కాలవ కొసన పుట్టినవాళ్ళు మాత్రం బంగారం కంటే ముందు దాన్నే చూస్తారు. నేనూ ఆ జాతిదాన్నే. మా పుట్టిల్లు బందరు దగ్గర, కాలవకి చిట్టచివర. నారుమడికే కాదు, ఊళ్ళో మంచినీళ్ళ చెరువు నిండాలన్నా ఆ కాలవే రావాలి. సముద్రం దగ్గర గదా, కాలవ రాకపోతే పొలంలో ఉప్పు పైకి తన్నుకొస్తుంది.

అక్కడ మా అన్నయ్యకి మూడెకరాలు. ఆయన కొడుకు ఇంజనీరింగు చదివి, డాముల్లో నీళ్ళు ఎప్పుడు ఎంత వదలాలో కంప్యూటర్లో లెక్కలు వేసే పనిలో కుదిరాడు. 2024 సంక్రాంతికి వెళ్ళినప్పుడు అడిగాను: "ఏవిట్రా, అంతంత డాములు నీ పెట్టెలో ఎలా పట్టాయి?"

"పెద్ద విద్యేం కాదత్తయ్యా. నువ్వు రాసే ఇంటి పద్దే!" అన్నాడు.

నిజంగానే పద్దే. నిన్నటి నిల్వకి ఇవాళ వచ్చిన వరద కలుపుతారు. అందులోంచి కాలవలకి ఇచ్చింది, గేట్లెత్తి వదిలింది, ఎండకి ఆవిరైపోయింది తీసేస్తారు. మిగిలిందే రేపటికి నిల్వ. ఆవిరి మన చిల్లర ఖర్చు లాంటిదన్నమాట, ఎవరికీ ఇవ్వకుండానే పోతుంది! 1883లోనే రిప్పల్ అనే ఇంజనీరు ఈ జమాఖర్చుని కాగితం మీద గీతగా గీసి, డాము ఎంత పెద్దది కట్టాలో తేల్చే పద్ధతి చెప్పాడట. కంప్యూటరు వచ్చాక వేగం పెరిగింది. ఓ నలభయ్యేళ్ళ వరద లెక్కలు తెచ్చి పోస్తే, 'ఈ పద్ధతిలో వదిలితే ఎన్నేళ్ళు అందరికీ అందేవి, ఎన్నేళ్ళు తగ్గేవి' అని కాఫీ తాగేలోపల చెప్పేస్తుంది.

మరి చిక్కెక్కడ? పంటకోసమైతే డాము నిండుగా ఉండాలి. వరద ఆపాలంటే ఖాళీగా ఉండాలి. రెండూ ఒకే గిన్నె! 2009 అక్టోబరు మొదట్లో శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కర్నూలు మునిగిపోయింది. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టి.ఎం.సి., అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. ఆ లెక్కన 25 లక్షల జోరు రోజంతా సాగితే 216 టి.ఎం.సి.లు. శ్రీశైలం పొట్టలో పట్టేదంతా కలిపి 215 చిల్లర! ఖాళీ డాము కూడా ఒక్కరోజులో నిండిపోతుందన్నమాట.

కరువు సంగతి వేరు. 2023లో కృష్ణకి పైనించి వరద సరిగ్గా రాలేదు. అలాంటి ఏడు కోసం మావాడు రెండు లెక్కలు వేసి చూపించాడు. మొదటిదాంట్లో కాలవలు అడిగినంతా ఇస్తూ పోతే, తీరా పైరు పొట్టమీదున్నప్పుడు డాము అడుగంటింది. రెండోదాంట్లో మొదట్నించీ అందరికీ కాస్త కాస్త తగ్గించాడు. ఎవరికీ నిండుగా అందలేదు, ఎవరికీ పూర్తిగా ఎండలేదు. లోటు రెట్టింపైతే నష్టం నాలుగింతలని కంప్యూటరుకి ముందే చెప్పి పెడతారట. అంచేత అది ఒకే నెలలో పెద్ద లోటు పడనివ్వకుండా, నెలనెలకీ పంచడానికే చూస్తుంది.

మా వదిన పప్పు చేటలో పోసుకుని వింటోంది. "నెల మొదట్నించీ బియ్యం కొలిచి పొయ్యాలని చెప్పడానికి కంప్యూటరెందుకురా?" అంది.

"ఎంత కొలవాలన్నదే గదమ్మా బెంగ! మరీ బిగబట్టి కూచుంటే, వెనక వరదొచ్చి ఆ దాచిన నీళ్ళు కాస్తా సముద్రం పాలవుతాయి."

ఇంతసేపూ మాట్లాడకుండా కూర్చున్న అన్నయ్య కళ్ళజోడు పెట్టుకుని తెర దగ్గరికి వంగాడు. శ్రీశైలం, సాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ, వాటినించి గీతలు, గీతల చివర చుక్కలు.

"ఇందులో మన చేనేదిరా?"

వాడు ఒక చుక్క చూపించాడు. "మన కాలవ మొత్తం కలిపి ఇది, నాన్నా."

"అంటే, కాలవ మొగదల నీళ్ళిస్తే నాకు అందినట్టేనా?"

వాడు జవాబు చెప్పలేదు. మొగదలకీ మా చేనుకీ మధ్య ఎన్ని తూములు, ఎంత గుర్రపుడెక్క, రాత్రిళ్ళు ఇంజన్లు పెట్టి తోడేవాళ్ళు ఎందరు! లెక్కలో అందరికీ తొంభై పాళ్ళు అందిన ఏడు కూడా, పైవాళ్ళకి నూరు పాళ్ళూ అంది, కొసవాళ్ళకి బురదే మిగలొచ్చు. చుక్కలో అది కనబడదు.

"పెళ్ళిలో బంతి చివర కూచున్నవాళ్ళకి వంకాయకూర అందుతుందా?" అంది వదిన. "అందుకే మా అమ్మ చివర్నించి వడ్డించుకు రమ్మనేది."

"వంతుల పద్ధతిలో అలాగే కొస నించి మొదలెట్టి పైకి రావచ్చమ్మా," అన్నాడు వాడు. "ఈ చుక్కని మూడు చెయ్యచ్చు, మొదలు, నడుమ, కొస అని. కానీ కొసకి నీళ్ళెప్పుడొచ్చాయో లెక్కుండాలి గదా. మొగదల కొలుస్తారు. ఇక్కడెవరు కొలిచారు?"

వదిన చేట కిందపెట్టి లేచింది. అటక మీంచి దింపిన గుడ్డసంచీ నిండా గోడ క్యాలెండర్లు, ఇరవై రెండేళ్ళవి! పాలపద్దు, గ్యాసు బండ మార్చిన రోజు, పనిమనిషి నాగాలు. వాటి మధ్య ఏటా ఒకచోట గుండ్రంగా చుట్టి, 'కాలవ వచ్చింది'. ఇంకోచోట 'చెరువు నింపారు'. కొన్నేళ్ళు ఆ సున్నా జూలైలో ఉంది, కొన్నేళ్ళు ఆగస్టు ఆఖర్న.

మావాడు ఒక్కొక్కటే ఫోటో తీసుకోవడం మొదలెట్టాడు. లెక్కలోకి ఎక్కినంత మాత్రాన నీళ్ళొచ్చేస్తాయా అంటే, రావు. గేటు తిప్పేది మనుషులు గదా. కానీ పద్దులో పేరే లేనివాళ్ళకి బాకీ అడిగే హక్కయినా ఉండదు.

"తీసుకోరా, తీసుకో," అంది వదిన. "2011లో పాలవాడికి నాలుగు రోజులవి ఎక్కువిచ్చాను, అది మాత్రం మీ నాన్నకి చూపించకు!"