పని మానెయ్యమని చెప్పే వైద్యం

అతను బల్ల మీద చెయ్యి చాపాడు. మణికట్టు పైకి లేవదు. వాడిన తోటకూర కాడలా వేలాడుతుంది. "అన్నం ముద్ద నోటి దాక వస్తలేదు సారూ" అన్నాడు. సూదితో గుచ్చి చూస్తే స్పర్శ బాగానే ఉంది. స్పర్శ ఉండి కదలిక పోయిందంటే సీసం గుర్తుకు రావాలి. పెదవి ఎత్తి చూశాను. చిగుళ్ల అంచున నీలినలుపు గీత.

అంతకు ముందు ఏడాదిగా కడుపునొప్పి, మలబద్ధకం. తిరిగిన ప్రతిచోటా గ్యాస్ అన్నారు, ఒకచోట అపెండిక్స్ కూడా తీసేశారు. ఆ చీటీల్లో వృత్తి దగ్గర అంతటా కూలీ అనే ఉంది. ఏం పని అని ఎవరూ అడగలేదు. నగర శివార్లలోని రేకుల షెడ్డులో పాత బ్యాటరీలు పగలగొట్టి, ప్లేట్లు తీసి కరిగిస్తాడట. మాస్కు బదులు తువ్వాల. మధ్యాహ్నం సద్ది అక్కడే, ఆ చేతులతోనే.

రక్తంలో సీసం డెసీలీటరుకు 80 మైక్రోగ్రాములు దాటింది. 5కు చేరితే చాలు, అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. సీసాన్ని మూత్రంలోకి లాగే మందులున్నాయి. కానీ ఒంట్లోని సీసంలో చాలా భాగం ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి రక్తంలోకి ఊరుతూనే ఉంటుంది. రోగి మళ్లీ ఆ షెడ్డుకే వెళ్తే మందులు దండగ. అసలు వైద్యం ఆ పనికి దూరంగా ఉండటమే.

"మానేస్తే ఇల్లెట్ల గడుస్తది సారూ?"

దీనికి జవాబు చట్టం చెప్పాలి. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంలోనే సీసపు విషం వృత్తి వ్యాధిగా చేరింది. అలాంటి జబ్బు కనిపిస్తే ఫ్యాక్టరీల శాఖకు రాసి పంపడం వైద్యుడి విధి అని 1948 ఫ్యాక్టరీల చట్టం 89వ సెక్షన్ చెప్పింది. అయినా మనలో ఎంతమంది రాస్తున్నాం? హాజరు పట్టీ లేని షెడ్డులో, తాను అక్కడ పనిచేశానని కార్మికుడు చూపగలిగే కాగితం చాలాసార్లు డాక్టరు రాసిన కేస్ షీటు ఒక్కటే.

ఇది సీసంతో ఆగదు. చైనాలోని సుజౌలో ఫోన్ తెరలు తుడవడానికి, త్వరగా ఆరిపోతుందని, ఆల్కహాల్‌కు బదులు ఎన్-హెక్సేన్ వాడారు. 137 మంది కార్మికులు జబ్బుపడ్డారని ఆపిల్ సంస్థే 2011లో ఒప్పుకుంది. చెప్పులు అతికించే జిగురుల్లోనూ ఈ రసాయనం ఉంటుంది. ముందు పాదాలు తిమ్మిరెక్కుతాయి, కాలి నుంచి చెప్పు జారినా తెలియదు. పని మానేశాక కూడా కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు, జబ్బు ముదురుతూనే ఉంటుంది. "మా దగ్గరున్నప్పుడు బాగానే ఉన్నాడు" అని యజమాని అనడానికి అదే ఆధారమవుతుంది. ఈ సంగతిని వైద్యుడు కాగితం మీద పెట్టకపోతే కార్మికుడి తరఫున చెప్పేవాళ్లు ఉండరు.

బ్యాటరీ షెడ్డు మేస్త్రీ నా దగ్గరికి వచ్చాడు. నరాల బలహీనత అని రాస్తే బిల్లు మొత్తం యజమాని కడతాడన్నాడు. సీసపు విషం అనే రాశాను. చేసే పని, ఎన్నాళ్లుగా చేస్తున్నాడో కూడా రాసి ఫ్యాక్టరీల శాఖకు పంపాను.

వెళ్లబోతూ అతని భార్య ఆగింది. "ఈయన బట్టలు ఇంట్లనే ఉతుకుత సారూ. పిల్లగానికి గూడ చూడుండ్రి."

నాలుగేళ్ల పిల్లవాడి రక్తంలో సీసం 22 ఉంది. పరిహార చట్టం పనిచేసిన మనిషికే వర్తిస్తుంది. వీడి సంగతి అందులో లేదు.