పాట వెనక చేతులు

మెల్‌బోర్న్‌లో క్రాన్‌బర్న్ రైల్లో ఘంటసాలను వింటూ సిటీకెళ్లే నాలాంటివాళ్లకి కంట్రీ మ్యూజిక్ పరాయి సంగతే. అయినా అమెరికాలో నాష్‌విల్‌లోని కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌ని చూస్తే అసూయ పుడుతుంది. ‘నాష్‌విల్ క్యాట్స్’ పేరిట స్టూడియో వాద్యకారుల్ని, ‘పొయెట్స్ అండ్ ప్రాఫెట్స్’ పేరిట పాటల రచయితల్ని వేదికెక్కించి, ఏ పాట ఎలా పుట్టిందో చెప్పిస్తారు. ఎందరి రికార్డుల్లోనో మౌతార్గాన్ వాయించిన చార్లీ మెకాయ్‌ని 2009లో గాయకుల సరసన నిలబెట్టారు.

ఇక్కడ ఆస్ట్రేలియాలో 1957లో కంట్రీ గాయకుడు స్లిమ్ డస్టీ పాడిన ‘ఎ పబ్ విత్ నో బియర్’ పెద్ద హిట్టు. రాసిన గోర్డన్ పార్సన్స్‌కి అంత పేరేదీ?

మన తెలుగు సినిమా పాటల రికార్డుల మీద రచయిత పేరైనా ఉండేది. మద్రాసు స్టూడియోల్లో పల్లవికీ చరణానికీ నడుమ వేణువూదినవాళ్ల ఊసే ఉండేది కాదు. వాళ్లలో బతికున్నవాళ్లు మీకు తెలిస్తే, ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు కూర్చోబెట్టి మాట్లాడించండి. ఫోన్లో రికార్డు చేసినా చాలు.