కాంచన ద్వీపంలో మా అమ్మ వాటా

క్లాసిక్ నవల ఆధారంగా ఏ సిరీస్ వచ్చినా ప్రేక్షకులు రెండు జట్లయిపోతారు. పుస్తకం చదివినవాళ్లు "చెడగొట్టారు" అంటారు. చదవనివాళ్లు "బానే ఉంది కదా, మీ గోలేంటి" అంటారు. స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలండ్'ని బ్రిటన్‌లో స్కై వన్ ఛానెల్ 2012 జనవరి 1, 2 తేదీల్లో రెండు భాగాలుగా ప్రసారం చేసినప్పుడూ ఇదే జరిగింది. దర్శకుడు స్టీవ్ బారన్. ఒంటికాలి సిల్వర్‌గా ఎడీ ఇజార్డ్, పాత కెప్టెన్ ఫ్లింట్‌గా డోనల్డ్ సదర్లాండ్, దీవిలో ఒంటరిగా మిగిలిపోయిన బెన్ గన్‌గా ఎలైజా వుడ్ (అవును, మన ఫ్రోడోనే) నటించారు. నటన మీద పెద్దగా ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా రెండు మార్పుల మీద. ఒకటి, నవలలో నోరు ఆగని భోళా మనిషిగా ఉండే స్క్వైర్ ట్రెలానీని ఇందులో దురాశాపరుడిని చేశారు. రెండు, చివర్లో నిధిని సముద్రంలోకి విసిరేశారు. (స్పాయిలరే. కానీ నవల పుస్తకంగా వచ్చింది 1883లో, ఇంకా ఎన్నాళ్లు దాస్తాం?)

నా మటుకు మొదటి మార్పు నచ్చింది, రెండోది నచ్చలేదు. ఈ అభిప్రాయానికి నేనొక్కడినే వచ్చి ఉంటే గొప్పగా చెప్పుకునేవాణ్ని. విజయవాడలో మా హాల్లో, సంక్రాంతి సెలవుల్లో, ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించి నలుగురం కలిసి చూశాం. అందులో ముగ్గురు నాకంటే మంచి విమర్శకులు.

మొదటి విమర్శకుడు మా నాన్న. ఆయనకిది ట్రెజర్ ఐలండ్ కాదు, 'కాంచన ద్వీపం'. నండూరి రామమోహనరావు గారి అనువాదం. ఆయన కృష్ణా జిల్లా విస్సన్నపేటలో పుట్టిన మనిషి, విజయవాడలో ఆంధ్రజ్యోతి సంపాదకుడు, 'విశ్వరూపం', 'నరావతారం' రాసినాయన. టామ్ సాయర్‌నీ హకల్‌బెరీ ఫిన్‌నీ తెలుగు పిల్లలకి పరిచయం చేసింది కూడా ఆయనే. నాన్న ఈ పుస్తకాన్ని ఉయ్యూరు దగ్గర పల్లెలో, గ్రంథాలయంలో అట్ట ఊడిన కాపీలో చదివాడు. అప్పటికింకా సముద్రం చూడలేదు. అందుకని హిస్పానియోలా ఓడని బందరు కాలవలోనే ఊహించుకున్నాడట, వడ్ల బస్తాల పడవలా, కొంచెం పెద్ద తెరచాపతో.

అలాంటి మనిషికి స్క్రిప్టు రైటర్ ఎంత సర్ది చెప్పినా లాభం లేదు. సీను సీనుకీ రిమోట్ అడిగి ఆపించాడు. "ట్రెలానీ అట్టాంటోడు కాదురా. వట్టి వాగుడుకాయ. మంచోడే." సిల్వర్ భార్య అలీబే (నీనా సొసాన్యా) తెర మీదకి రాగానే "ఈవిడెవరు? ఈవిడ పుస్తకంలో లేదు" అన్నాడు. ఇక్కడ మాత్రం నేను అడ్డుపడ్డాను. ఆవిడ నవలలో ఉంది. మాట్లాడదు, కనిపించదు, కానీ ఉంది. సిల్వర్ ఓడెక్కగానే అతని సారాయి దుకాణం అమ్మేసి, బ్యాంకులో ఉన్న డబ్బు తీసుకుని, అతన్ని కలుసుకోడానికి వెళ్లిపోయే నల్లజాతి స్త్రీ ఆవిడే. మిగతా సముద్రపు దొంగలు దొరికింది దొరికినట్టు రమ్ముకి తగలేస్తుంటే సిల్వర్ ఒక్కడే పొదుపు చేస్తాడు. ఆ పొదుపుని కాపాడేది ఈవిడ. సిరీస్ చేసింది కల్పన కాదు, స్టీవెన్సన్ రెండు మాటల్లో దాటేసిన మనిషికి ముఖం ఇవ్వడం.

నా ఉద్యోగం వల్ల కాబోలు, నాకీ కథ ఎప్పుడూ ఒక ప్రాజెక్టులా కనిపిస్తుంది. ట్రెలానీ ఇన్వెస్టరు. రహస్యం బయటపెట్టొద్దని డాక్టర్ లివ్‌సీ మరీ మరీ చెప్తాడు, ఈయన బ్రిస్టల్‌లో దిగేసరికి ఊరంతా తెలిసిపోతుంది. మనుషుల్ని చేర్చుకునే బాధ్యత వంటవాడిగా వచ్చిన సిల్వర్ చేతుల్లో పెడతాడు. కెప్టెన్ స్మాలెట్ బయల్దేరే ముందే ఉన్న రిస్కులన్నీ ఒక్కొక్కటిగా చెప్తాడు, స్క్వైర్‌కి ఆయనంటే పడదు. ఇలాంటి మీటింగుల్లో కూర్చున్నవాళ్లకి ఇదేం కొత్త కాదు. కాబట్టి ట్రెలానీ మంచోడే అన్న నాన్న మాట నిజమే. కానీ నవలలోని ఆ మంచోడు, ఒకరి దగ్గర దోచుకున్న సొమ్మని తెలిసే ఓడ కొన్నాడు. 'దొంగ సొత్తు కదా' అన్న సందేహం ఆ గదిలో ఒక్క పెద్దమనిషికీ రాదు.

రెండో విమర్శకురాలు మా అమ్మ. నవల చదవలేదు. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, తల సగం ఎత్తి చూస్తోంది. నిధి పటం జిమ్ హాకిన్స్ వాళ్ల సత్రంలో దొరుకుతుంది. తండ్రి లేని పిల్లాడు, వాడి తల్లి. ఈ పెద్దమనుషులు పటం చేతికి తీసుకున్నాక, వాటాల మాటొచ్చేసరికి ఆ తల్లీకొడుకులు నెమ్మదిగా పక్కకి జరిగిపోతారు. ట్రెలానీ అరవడు, కత్తి తీయడు. చక్కగా, మర్యాదగా మాట్లాడతాడు.

"అదిగో," అంది అమ్మ, "అట్టాగే అంటారు. ఎంత మర్యాదగా ఉన్నాడో చూడు. ఎగ్గొట్టేవాడు ఎప్పుడూ అరవడు."

నాన్న రిమోట్ అడగలేదు.

మా అమ్మ పుట్టిల్లు బందరు దగ్గర. పెళ్లయింది 1982లో. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లకి పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది 1985 సెప్టెంబరు 5 నుంచి. అయితే అప్పటికే పెళ్లయిపోయినవాళ్లకి ఆ చట్టం వర్తించదు. 2005లో కేంద్రం సవరణ తెచ్చి ఆ పెళ్లి షరతు లేకుండా చేసింది గానీ, 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలని తిరగదోడకూడదంది. తాతయ్య పొలం పంపకాలు తొంభైల్లోనే అయిపోయాయి. మావయ్యలు చెడ్డవాళ్లు కాదు. ప్రతి పండక్కీ చీర పెట్టారు, నా ఇంజినీరింగ్ ఫీజుకి ఒక ఏడాది సాయం కూడా చేశారు. కాగితాల మీద సంతకం పెట్టమన్నప్పుడు కూడా మర్యాదగానే అడిగారు, పసుపు కుంకుమ కింద పెట్టిన డబ్బు పళ్లెంలో పెట్టి. 2014 తర్వాత రాజధాని మాట వినగానే చుట్టుపక్కల పొలాల రేట్లు ఎలా ఎగిరాయో మీకు తెలుసు. అమ్మ ఆ రేట్ల గురించి ఇంట్లో ఎప్పుడూ ఎత్తదు.

అందరూ "పాత్రని చెడగొట్టారు" అన్న చోటే, ఆ మూడు గంటల్లో, మా అమ్మ నమ్మిన ఒకే ఒక్క సన్నివేశం ఉంది. అందుకే ఆ మార్పుని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు.

ఇంకో సంగతి. నవలలో జిమ్ తల్లి కనిపించేది కాసేపే, కానీ ఆ కాసేపూ మర్చిపోలేం. సత్రంలో బాకీ పెట్టి చచ్చిపోయిన బిల్లీ బోన్స్ పెట్టె తెరుస్తుంది. బయట దొంగలు వస్తున్నారు, పారిపోవాలి. పెట్టెలో నాణేల సంచి ఉంది, మొత్తం పట్టుకుపోవచ్చు. ఆవిడ పోదు. తనకి రావాల్సిందెంతో అంతే తీసుకుంటానని కూర్చుని లెక్కపెడుతుంది. దమ్మిడీ ఎక్కువ వద్దు, తక్కువా వద్దు. కష్టమేంటంటే ఆ సంచిలో అన్ని దేశాల డబ్బూ ఉంది, ఆవిడకి లెక్క తెలిసింది గినీలే, అవేమో తక్కువ. ఈ ఆలస్యం వల్ల ఇద్దరూ చావు తప్పించుకుని బయటపడతారు. జిమ్ విసుక్కుంటాడు. చిన్నప్పుడు నేనూ విసుక్కున్నాను. ఆ నవల మొత్తంలో తనకి న్యాయంగా రావాల్సిన మొత్తమెంతో తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే.

ఇక ముగింపు. నిధి సముద్రంలో పడుతోంది. సంగీతం మోగుతోంది. మూడో విమర్శకురాలు, మా అక్క కూతురు, తొమ్మిదో తరగతి, అడిగింది: "మావయ్యా, ఎవరిదో వాళ్లకి ఇచ్చెయ్యొచ్చు కదా?"

"ఎవరికిస్తారే? అందరూ పోయారుగా," అన్నాడు నాన్న.

"అయితే మాత్రం, పారెయ్యడానికి అది వీళ్ల సొమ్మా?" అంది అమ్మ.

'ఎవరిది' అన్న ప్రశ్నకి మా ఊళ్లో జవాబు మరీ దూరంగా ఏం ఉండదు. హైదరాబాద్ రోడ్డు మీద పెద్ద ఆంజనేయస్వామి విగ్రహం కనిపించే పరిటాల ఒకప్పుడు గోల్కొండ సుల్తానుల నాటి వజ్రాల గనుల ఊరు. కృష్ణ ఒడ్డునే, ఇంకా ఎగువన కొల్లూరు. అక్కడ ఆడా మగా పిల్లలతో కలిపి దాదాపు 60,000 మంది పని చేసేవాళ్లని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. దిగువన బందరులో 1611 నుంచే ఇంగ్లిష్ కంపెనీ కొట్టు పెట్టుకుని ఉంది. ఆ గనుల్లోంచే (కొల్లూరని కొందరు, పరిటాలని కొందరు) 410 క్యారెట్ల రాయి ఒకటి బయటికొచ్చింది. దొరికినవాడు ఒక బానిస అనీ, పిక్కలో గాయం చేసుకుని అందులో దాచి తీరానికి పారిపోయాడనీ, రేవు దాటిస్తానన్న ఇంగ్లిష్ కెప్టెన్ రాయి తీసుకుని అతన్ని సముద్రంలోకి తోసేశాడనీ ఒక కథ ఉంది. కథ నిజమో కాదో గానీ తర్వాతదంతా రికార్డుల్లో ఉంది. మద్రాసు గవర్నరు థామస్ పిట్ ఆ రాయిని 48,000 పగోడాలకి కొన్నాడు. లండన్‌లో సానబట్టించి, 1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధికి 1,35,000 పౌండ్లకి అమ్మాడు. ఆ డబ్బుతో కార్న్‌వాల్‌లో బొకనాక్ అనే ఎస్టేటు కొన్నాడు. మనవడు బ్రిటన్ ప్రధానమంత్రి అయ్యాడు, ముని మనవడూ అయ్యాడు. వజ్రం ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ట్రెలానీ అనేది కూడా కార్న్‌వాల్ ఇంటిపేరే.

అందుకే ఆ సముద్రం ముగింపు నాకు మింగుడు పడలేదు. నిధిని ఎవరూ సముద్రంలో పారెయ్యరు. అది ఎస్టేటు అవుతుంది, పార్లమెంటులో సీటు అవుతుంది, మ్యూజియంలో గాజు పెట్టె అవుతుంది. నీళ్లలో కలిసింది కొల్లూరు, పులిచింతల రిజర్వాయరు ముంపులో. నిధిని విసిరేస్తే జిమ్ చేతులు శుభ్రమవుతాయి, చూసేవాళ్ల మనసు తేలికవుతుంది, 'ఎవరిది' అన్న ప్రశ్న కూడా దాంతోపాటే మునిగిపోతుంది.

స్టీవెన్సన్ అంత తేలిగ్గా వదిలిపెట్టడు. ఆ 7,00,000 పౌండ్లు పోగవ్వడానికి ఎంత రక్తం, ఎన్ని ఓడలు పోయాయో అని జిమ్ ఒక్క క్షణం అనుకుంటాడు. ఆ తర్వాత అదే పిల్లాడు కూర్చుని, ఎంతో సంబరంగా నాణేలు ఏరి సర్దుతాడు. సిల్వర్ ఒక సంచితో ఉడాయిస్తాడు. బెన్ గన్ వెయ్యి పౌండ్లు తీసుకుని మూడు వారాలు కూడా గడవకుండా ఖర్చు పెట్టేస్తాడు. ఎవరి వాటా వాళ్లకి ముడుతుంది, ఎవరూ ఏమీ అడగరు. జిమ్‌కి పీడకలలు మాత్రం మిగులుతాయి. పంపకాలు నిజంగా జరిగేది ఇలాగే.

జిమ్ ఏరే ఆ కుప్పలో తూర్పు దేశాల నాణేలు కూడా ఉంటాయి. వాటి మీది గుర్తులు వాడికి దారప్పోగుల్లాగా, సాలెగూటి ముక్కల్లాగా కనిపిస్తాయి. అవి ఎక్కడివో స్టీవెన్సన్ చెప్పడు. జిమ్‌కి అక్కర్లేదు. కానీ అవి ఎవరివో అక్షరాలు అయ్యుంటాయి. మనలాంటివాళ్లు ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగితే చాలు, నవలని ఎవరూ దిద్దక్కర్లేదు. అందుకే మా మేనకోడలికి సిరీస్ వద్దనలేదు, పుస్తకం కూడా ఇచ్చాను.

తను చదువుతూ చదువుతూ జిమ్ తల్లి లెక్కపెట్టే చోటికి వచ్చినట్టుంది. వంటింట్లోకి వెళ్లి అడుగుతుంటే వినపడింది: "అమ్మమ్మా, మరి నీకెంత రావాలి?"

అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"అయిదెకరాల పది సెంట్లు. ముగ్గురం. ఎకరం డెబ్బై."